వెనక తలుపు దగ్గర టీచర్

మూడో తరగతి టీచరమ్మకి పిల్లలంటే ప్రాణమని బడిలో అందరూ అనేవాళ్ళు. ఊరికే అనలేదు. మొదటి గంట కొట్టకముందే ఆవిడ తన గది గుమ్మంలో నిలబడేది. పిల్లలు వరసగా వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరినీ ఆపి, వాళ్ళ కళ్ళ ఎత్తుకి వంగి, ఒక్క మాట అడిగి, ఒక్క మాట చెప్పించుకుని, అప్పుడు లోపలికి వదిలేది. "మీ పిల్లి ఈనిందా?", "నాన్నకి జ్వరం తగ్గిందా?", "ఊడిన పన్ను ఏం చేశావు?" ఇలాంటివే. గొప్ప ప్రశ్నలేం కావు. కానీ ఆ ఒక్క మాట కోసం పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. రాత్రి నుంచీ ఏం చెప్పాలా అని దాచుకుని మరీ వచ్చేవాళ్ళు.

పేర్లు పెట్టి పిలిచేది కాదు. బడి తెరిచిన మొదటి రోజే ప్రతి పిల్ల చెవి దగ్గరా నోరు పెట్టి, "ఇంట్లో నిన్నేమని పిలుస్తారు?" అని రహస్యంగా అడిగేది. ఇక ఏడాదంతా అదే పిలుపు. బుడంకాయ్, మిరపకాయ్, బొండు, చిట్టిరాణి... అసలు పేర్లు రిజిస్టరులో పడి ఉండేవి.

"రైల్వే వాళ్ళు కూడా టికెట్లు ఇంత గట్టిగా చూడరు టీచర్" అని పక్క గది డ్రాయింగు మాస్టారు వేళాకోళం చేసేవాడు.

"పలకరించకుండా పిల్లని లోపలికి పంపితే, ఆ పిల్ల రోజంతా బయటే ఉన్నట్టు లెక్క మాస్టారూ" అనేది ఆవిడ.

ఆ వరసలో అందరికంటే చివర ఒక పిల్ల వచ్చేది. ఆ పిల్ల రాగానే టీచరమ్మ నడుం నిటారుగా చేసుకుని, చేతికి అంటిన సుద్దపొడి దులుపుకుని, బోర్డు వైపు తిరిగిపోయేది. ఒక్క మాట లేదు, ఒక్క చూపు లేదు. పిల్ల తలొంచుకుని ఆవిడ పక్కనుంచి జారి, వెనక తలుపు పక్కనున్న చివరి బెంచీలో కూర్చునేది.

ఆ పిల్ల ఆవిడ సొంత కూతురు.

ఇందులో ఆవిడని తప్పు పట్టాల్సినంత దుర్మార్గమేం లేదు. చిన్న బడి. మూడో తరగతికి ఒకటే గది. కూతురు పై క్లాసుకి వచ్చిందంటే తన క్లాసుకే రావాలి. రేపు ఎవరైనా "సొంత పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టుకుంది, మార్కులు పోసింది" అంటే ఆవిడకి తల కొట్టేసినట్టుంటుంది. అందుకే బడి తెరవకముందే పిల్లని కూర్చోబెట్టి చెప్పింది.

"బడిలో నేను నీకు అమ్మని కాదు, టీచర్ని. ఇంటికొచ్చాకే అమ్మని. తెలిసిందా?"

"మరి గుమ్మం దగ్గర నన్నేం అడుగుతావు?"

"నీ సంగతులు నాకు తెలియనివేమున్నాయే, అడగడానికి?"

పిల్ల ఆలోచించింది. "అవును కదా" అంది. అంతటితో ఆ మాట అయిపోయిందనుకుంది తల్లి. దీపం కింద చీకటి అంటారు, ఆ చీకటి దీపానికి కనపడదు.

ఇంట్లో మాత్రం ఆ పిల్ల ఉడత. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. ఇంకా సరిగా నడక రాని రోజుల్లో, వేరుసెనగ గింజలు దొరికితే రెండు బుగ్గల నిండా కుక్కుకుని తలుపు చాటున దాక్కుంది. గొంతులో అడ్డం పడతాయేమోనని తల్లి గుండె గుప్పెట్లో పెట్టుకుని రెండు వేళ్ళతో బుగ్గలు నొక్కితే, గింజలన్నీ జలజలా ఒళ్ళో పడ్డాయి. "ఓసి ఉడతా!" అని తల్లి ఏడుస్తూ నవ్వింది. అప్పటినుంచీ అదే ఆట. సాయంత్రం బడినుంచి రాగానే పిల్ల ముందు పరిగెత్తి తలుపు చాటున నక్కి, బుగ్గలు పూరించి నిలబడేది. తల్లి చెప్పులు విడిచి, రెండు వేళ్ళతో బుగ్గలు తట్టి, "ఉడతా!" అనేది. బుస్సుమని గాలి పోయేది. ఆ గాలితో పాటే టీచరమ్మ కూడా పోయి, అమ్మ మిగిలేది.

వానలు మొదలయ్యాక గదిలో ఒక కొత్త వాసన వచ్చింది.

ముసురు పట్టిన పొద్దు. కరెంటు లేదు. గదిలో తడిసిన మేజోళ్ళ వాసన, చెమ్మగిల్లిన సుద్దముక్కల వాసన. ఆ రెండింటి కిందనుంచి సన్నగా లవంగం వాసన. ఎవరో పంటి నొప్పికి బుగ్గన పెట్టుకున్నట్టు. టీచరమ్మ బెంచీల మధ్య నడుచుకుంటూ వెళ్తే అది వెనక్కి వెళ్ళేకొద్దీ ఎక్కువైంది. చివరి బెంచీ దగ్గర మరీ ఘాటుగా ఉంది. కూతురు తలొంచుకుని రాసుకుంటోంది. "ఎవరి దగ్గరైనా లవంగం ఉందా?" అని అడిగితే పిల్లలంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో పాలు కలిపి నీలం కప్పులో పోసి ఇచ్చింది. అంచు చిట్లిన కప్పు అది. ఆ కప్పు ఇంకొకరు ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసే పిల్ల, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎవరిది?"

"నీదేగా, ఇంకెవరిది?"

"నాది కాదు" అంది పిల్ల మెల్లగా. తల్లి నవ్వి ఊరుకుంది. పిల్లల బుద్ధి పూటకో రకం.

ఆ వారంలోనే ఒక రోజు తండ్రి డ్యూటీ దిగి పెందరాళే వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే పనివాడు. వచ్చినప్పుడు పాటకి తాళం వేసినట్టు తలుపు తడతాడు. ఆ చప్పుడు వింటే పిల్ల చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తేది. ఆ రోజు కదల్లేదు. "ఎవరో తలుపు కొడుతున్నారు" అంది, కొత్తింటికి వచ్చిన చుట్టంలా మర్యాదగా.

"బడిలో ఏమన్నా అయ్యిందా?" అని ఆయన రాత్రి అడిగాడు.

"నా కళ్ళ ముందేగా ఉంటుంది, ఏమవుతుంది?" అంది ఆవిడ. అనేశాక నాలుక కొరుక్కుంది. కళ్ళ ముందు ఉన్నమాట నిజమే. చూసిందెప్పుడు?

అందుకని మర్నాడు చూసింది. గుమ్మంలో అందరినీ పలకరిస్తూనే ఓరకంట కనిపెట్టింది. చివరికి కూతురు వచ్చింది. పక్కనుంచి జారి వెళ్ళింది. ఆవిడ ఎప్పటిలా బోర్డు వైపు తిరిగి, సుద్దముక్క తీసుకుని, మళ్ళీ చటుక్కున వెనక్కి తిరిగింది.

పిల్ల బెంచీ మీద మోకాళ్ళు ఆనించి, వెనక తలుపు సందుకి పెదవులు ఆనించి ఉంది. మాట్లాడుతోంది. మధ్యలో ఆగి, చెవి ఆనించి వింటోంది. మళ్ళీ మాట్లాడుతోంది. మొహం వెలిగిపోతోంది. గుమ్మంలో మిగతా పిల్లల మొహాల మీద రోజూ కనపడే వెలుగే అది.

ఇంటర్‌వెల్లులో పిల్లని పక్కకి తీసుకెళ్ళింది. "ఎవరితోనే ఆ మాటలు?"

"వెనక టీచర్‌తో."

"వెనక టీచరేంటి?"

"మీరు అటు అడుగుతారు కదా టీచర్. ఆవిడ ఇటు అడుగుతుంది. 'ఇవ్వాళ నాకేం తెచ్చావు' అంటుంది. ఇంట్లోంచి ఒకటి చెప్పాలి. చెప్తే దాచిపెడుతుంది."

"ఏం చెప్పావు ఇవ్వాళ?"

పిల్ల నోరు తెరిచింది. వెతుక్కుంది. "ఏమో..." అంది. "ఇచ్చేశాను కదా."

ఆ నోట్లోంచి లవంగం వాసన వచ్చింది.

టీచరమ్మ తిన్నగా హెడ్‌మాస్టరు గదికి వెళ్ళింది. హెడ్‌మాస్టరు పెద్దావిడ, రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉంది. వెనక తలుపు అవతల ఏముంది మేడమ్ అని అడిగితే, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఏముంటుందమ్మా, గోడ ఉంది. అటువైపు వరండా కూలిపోతే ఎప్పుడో ఇటుకలు పెట్టి మూసేయించాం. తలుపు పీకిస్తే గోడ పాడవుతుందని అలాగే వదిలేశాం. తలుపుకీ గోడకీ మధ్య నీ చెయ్యి కూడా పట్టదు."

"అక్కడ ఎవరైనా టీచరు..."

పెద్దావిడ కళ్ళజోడు బల్ల మీద పెట్టింది. తర్వాత చెప్పింది. "ఆ గదిలో నీకు ముందు చాలా ఏళ్ళు ఒకావిడ చేసింది. పిల్లాజెల్లా లేరు. ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది. పిల్లలు అప్పట్లో వరండా వైపునుంచి వచ్చేవాళ్ళు కాబట్టి ఆ తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేది. పలకరించకుండా ఒక్క పిల్లని కూడా గడప దాటనిచ్చేది కాదు. నువ్వు చేసే ఈ పలకరింపు ఆవిడ పెట్టిన అలవాటే, నీకెవరూ చెప్పకుండానే నీకూ అబ్బింది, నేను సంతోషించాను కూడా."

"చివర్లో చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళానమ్మా. నన్ను గుర్తు పట్టలేదు. తన పేరు తనకి తెలీదు. కానీ మాట్లాడుతూనే ఉంది. ఎవరి ఇంట్లో తలుపు గడియ బిగుసుకుపోతుందో, ఎవరి తాత నిద్రలో ఏమని కలవరిస్తాడో... అన్నీ పిల్లలు చెప్పినవే. అన్నేళ్ళవి. ఒక్కటీ పోలేదు." పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుంది. "మంచిది పాపం. పిల్లలంటే ప్రాణం."

బయట డ్రాయింగు మాస్టారు ఎదురయ్యాడు. ఆయన ఆ బళ్ళోనే చదువుకున్నవాడని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. "మూడో తరగతిలో మీకెవరు మాస్టారూ, లవంగం టీచరేనా?" అని అడిగింది.

"ఆవిడే అంటారు" అని నవ్వాడు ఆయన. "తమాషా ఏంటంటే రెండో తరగతిలో తిన్న ప్రతి దెబ్బా గుర్తుంది, నాలుగులోవీ గుర్తున్నాయి. ఆ ఏడాది మాత్రం తుడిచేసిన పలకే. ఇల్లు కూడా గుర్తులేదు." నవ్వు కొంచెం తగ్గింది. "మా అమ్మ పోయేదాకా ఒకటే మాట అనేది. మూడో తరగతి నుంచే నువ్వు నాకు పరాయివాడివయ్యావురా అని. ఎందుకనేదో నాకు అర్థమయ్యేది కాదు టీచర్."

టీచరమ్మ తన గది వైపు తిరిగి చూసింది.

మర్నాడు ఉదయం ఆవిడ బోర్డు వైపు తిరగలేదు. కూతురు రాగానే గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మోకాళ్ళ మీద కూర్చుంది. అందరి ముందూ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"ఇవ్వాళ నాకేం చెప్తావు తల్లీ?"

పిల్ల తల్లి భుజం మీదుగా గదిలోకి, వెనక్కి చూసింది. "నా వంతు అక్కడ టీచర్" అంది. గొంతులో కోపం లేదు, అలక లేదు. అలిగినా బాగుండేది. చేతులు మెల్లగా విడిపించుకుని వెళ్ళిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచానని మురిసిపోయిన మనిషి, ఆ రోజంతా బోర్డు మీద ఏం రాస్తోందో తనకే తెలీకుండా రాసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలుపు చాటున ఎవరూ లేరు. ఆవిడ తలుపు వెనక్కి తొంగి చూసింది. లేదు. లోపలికి వెళ్ళింది. ముందు గదిలో కుర్చీ అంచున, బూట్లు విప్పకుండా, సంచీ ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది పిల్ల. తల్లిని చూసి లేచి నిలబడింది.

"టీచర్..."

"ఏంటమ్మా..."

"నేను ఇంటికి ఎప్పుడు వెళ్ళాలి?"

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుంది. పిల్లని దగ్గరికి లాక్కుని, "ఇదే ఇల్లు, ఇదే నీ ఇల్లు" అంటూ ఏడ్చింది. పిల్ల ఓపిగ్గా నిలబడింది, ఎవరో పెద్దవాళ్ళు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియని పిల్లలు నిలబడినట్టు. మోకాలి మీద చిన్నప్పుడు మెట్ల మీద పడిన మచ్చ చూపించి, "ఇది గుర్తుందా?" అంటే తల అడ్డంగా ఊపింది. నాన్న గుర్తున్నాడా అంటే మళ్ళీ అలాగే ఊపింది. ఉడత అంటే ఎవరు అంటే, ఆ ఒక్కదానికి మాత్రం కొంచెం ఆగింది. బుగ్గలు కాస్త కదిలాయి. ఆ పేరు ఇంకా ఇవ్వలేదు. అది ఒక్కటే మిగిలింది.

భర్త బడి మాన్పిద్దాం అన్నాడు. ఊరు మారదాం అన్నాడు. "మాన్పిస్తే మిగిలింది మిగులుతుంది. పోయినవాటి సంగతేంటి?" అంది ఆవిడ. "అవి అక్కడే ఉన్నాయి. నేను తెచ్చుకుంటాను."

తెల్లవారింది గానీ వెలుతురు రాలేదు. ఆకాశం నల్లగా దిగి ఉంది. వాన కుండపోత. ఇంకా ఎవరూ రాని బళ్ళో, కూతురి చెయ్యి పట్టుకుని ఆవిడ మూడో తరగతి గదిలోకి వెళ్ళింది. స్విచ్చి వేసింది. కరెంటు లేదు. బెంచీలు నల్లగా వరసగా ఉన్నాయి. లవంగం వాసన గుమ్మం దాకా వచ్చి ఎదురైంది.

పిల్లని గుమ్మం దగ్గరే నిలబెట్టింది. ఒక్కతే వెనక్కి నడిచింది. చివరి బెంచీ మీద కూర్చుంది. తలుపు రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. సందు దగ్గర మాత్రం నున్నగా ఉంది, ఎందరో పెదవులు ఆనించి ఆనించి అరగదీసినట్టు. ఆ సందులోంచి వెచ్చటి ఊపిరి వచ్చి ఆవిడ చెంపకి తగిలింది.

అవతల ఇటుక గోడ. చెయ్యి కూడా పట్టదు.

"ఎవరూ..." అని గొణిగింది.

వాన చప్పుడు. తర్వాత... పంటి కింద లవంగం చిట్లిన చప్పుడు.

"ఇవ్వాళ నాకేం తెచ్చావు?"

ఎంత మెత్తటి గొంతు. ఎంత ప్రేమ. భయపడుతూ వచ్చిన మనిషికి ఒక్క క్షణం ఆ గొంతుకి అన్నీ చెప్పేసుకోవాలనిపించింది. అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

"నా పిల్లవి నాకిచ్చెయ్యండి."

"పిల్లలు పారేసుకుంటారమ్మా. నేను జాగ్రత్త చేస్తాను."

"దాని వస్తువులు అవి. తీసుకోవడానికి మీరెవరు?"

"నువ్వు అడగలేదు." గొంతు అదే మెత్తదనంతో అంది. "అందరినీ అడిగావు. దాన్ని అడగలేదు. పలకరించకుండా పిల్ల గడప దాటకూడదు కదా..."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. "తప్పయింది. ఇక రోజూ దాన్నే ముందు పలకరిస్తాను. దాని బదులు నన్ను అడగండి. నా దగ్గర ఏం కావాలంటే అది ఇస్తాను. దానివి దానికి ఇచ్చెయ్యండి."

ఊపిరి మాత్రం వస్తోంది, పోతోంది. వెనక గుమ్మంలో పిల్ల బూటుతో నేల గీస్తోంది.

"ఇంట్లో దాన్నేమని పిలుస్తావు?"

బడి మొదటి రోజున తాను ప్రతి పిల్ల చెవిలోనూ అడిగే ప్రశ్న. సరిగ్గా అదే గుసగుసతో.

ఆవిడ లెక్క వేసుకుంది. ఒక్క మాట. పోతే ఒక్క మాట పోతుంది. ఇంట్లో ఆయనకి తెలుసు, పిల్లకి తెలుసు. సాయంత్రం వాళ్ళని అడిగితే చెప్తారు, మళ్ళీ నేర్చుకుంటే సరి. ప్రాణమా, పేరే కదా. దెయ్యం తెలివితక్కువదని కూడా అనుకుంది ఆ వెర్రితల్లి.

పెదవులు సందుకి ఆనించింది. చెక్క వెచ్చగా ఉంది.

"ఉడత" అంది. "ఎందుకంటే... అప్పటికింకా నడక రాలేదు. వేరుసెనగ గింజలు బుగ్గల నిండా పెట్టుకుని తలుపు చాటున..." చెప్తుంటే ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చింది. చిన్న చిన్న బుగ్గలు. వాటి మీద తన రెండు వేళ్ళు. ఒళ్ళో జలజలా పడిన గింజలు. తన ఏడుపు, తన నవ్వు. నవ్వుతూ తాను అన్న మాట... వచ్చింది వచ్చినట్టే సందులోకి జారిపోయింది. అవతల ఎవరో తృప్తిగా గుటక వేశారు.

వెచ్చటి ఊపిరి ఆగిపోయింది. వాసన పోయింది. మామూలు పాత తలుపు.

"అమ్మా!"

వెనక్కి తిరిగేసరికి పిల్ల బెంచీలకి కొట్టుకుంటూ పరిగెత్తుకొస్తోంది. వచ్చి మెడకి చుట్టుకుపోయింది. "అమ్మా, ఇక్కడ చీకటిగా ఉంది, ఇంటికి పోదాం. నా నీలం కప్పు కడిగావా? నాన్న ఇవ్వాళ పెందరాళే వస్తాడా?" అంటూ ఒకటే వాగుడు. తల్లి ఆ వాగుడు వింటూ, దాని తల మీద గడ్డం ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజు ఇద్దరూ బడి ఎగ్గొట్టి ఇంటికెళ్ళిపోయారు. డ్రాయింగు మాస్టారు రెండు గదులూ చూసుకున్నాడు.

సాయంత్రం పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని దుకాణానికి వెళ్ళి వచ్చింది. తల్లి గుమ్మంలో ఎదురెళ్ళింది. పిల్ల చటుక్కున తలుపు చాటుకి దూరి, బుగ్గలు పూరించి, కళ్ళు మెరిపిస్తూ నిలబడింది.

తల్లి వంగింది. రెండు వేళ్ళూ చాచింది. నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

పిల్ల బుగ్గలు అలాగే ఉన్నాయి. ఎదురు చూస్తోంది. ఎర్రబడుతోంది.

"ఏమండీ..." అంది ఆవిడ. "మనం దీన్ని ఇంట్లో ఏమని పిలుస్తాం?"

ఆయన నవ్వాడు, వేళాకోళం అనుకుని. "ఏమనేంటి? ........ అనేగా" అన్నాడు.

ఆయన పెదవులు కదలడం ఆవిడ చూసింది. ముందు మాట వినపడింది, వెనక మాట వినపడింది. మధ్యలో ఆ ఒక్కచోట మాత్రం ఏమీ లేదు. "మళ్ళీ చెప్పండి" అంది. చెప్పాడు. "గట్టిగా చెప్పండి." గట్టిగా చెప్పాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంది కూడా. ఆవిడకి మాత్రం వాన చప్పుడు వినిపించింది.

పిల్ల బుగ్గల్లో గాలి దానంతటదే మెల్లగా పోయింది. ఆట పాడైందని అలిగి లోపలికెళ్ళింది. కాసేపటికి మర్చిపోయి నీలం కప్పు కోసం కేకలు పెట్టింది. ఇల్లంతా ఎప్పటిలా ఉంది. పోయింది ఒక్క మాటే కదా అని ఆవిడ తనకి తాను చెప్పుకుంది. రాత్రంతా చెప్పుకుంటూనే ఉంది.

మర్నాడు వాన వెలిసింది. మంచి ఎండ. టీచరమ్మ గుమ్మంలో నిలబడింది. ఇచ్చిన మాట ప్రకారం కూతుర్నే ముందు పలకరించాలనుకుంది. కానీ పిల్లకి అలవాటు పోలేదు, అందరికంటే వెనకే నిలబడింది. సరే, వరస కదలనీ అనుకుంది. "బుడంకాయ్, మీ తమ్ముడు పాకుతున్నాడా?" "మిరపకాయ్, నిన్న పెన్సిల్ దొరికిందా?" అందరి పిలుపులూ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటీ తడుముకోలేదు.

చివరికి కూతురు వచ్చింది. మొదటిసారి అమ్మ తనని అందరిలా గుమ్మంలో పలకరిస్తుందని దానికి తెలుసు. రాత్రి చెప్పింది కదా. సంతోషం పట్టలేక, బడి అని కూడా చూడకుండా, రెండు బుగ్గలూ పూరించి నిలబడింది.

టీచరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల కళ్ళలోకి చూసింది. ప్రేమ ఎక్కడికీ పోలేదు, గొంతు దాకా వచ్చి నిండి ఉంది. నోరు తెరిచింది. మళ్ళీ తెరిచింది. దిక్కుతోచక రిజిస్టరులో పేరు పెట్టి పిలిచింది. పిల్ల కదల్లేదు. అది టీచర్ పిలిచే పేరు. అది పిలుపు కాదు, హాజరు.

లోపల పిల్లలు గలగలా మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి అందరూ ఆగిపోయారు.

వెనక తలుపు దగ్గర నుంచి ఎవరో పిలిచారు.

ఏమని పిలిచారో టీచరమ్మకి వినపడలేదు. గొంతు మాత్రం వినిపించింది. నవ్వుతో, కాస్త ఏడుపుతో, ముద్దుగా...

అది తన గొంతే.

పిల్ల బుగ్గల్లోంచి బుస్సుమని గాలి పోయింది. మొహం వెలిగిపోయింది.

"అమ్మా! వస్తున్నా..." అంటూ, గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి చెయ్యి కింద నుంచి దూరి, గదిలోకి, వెనక్కి, పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.